చీటీలో రాయని చోటు

ఆ ఆసుపత్రిలో స్కానింగ్ గదికి వచ్చే చీటీలకి ఒక అలవాటుంది. అవి ప్రశ్నతో రావు, జవాబుతో వస్తాయి. ‘గాల్‌బ్లాడర్ వాపు. ఆపరేషన్ మధ్యాహ్నం రెండింటికి. స్కానింగ్ చేసి పంపవలెను’ అని సర్జన్ గారు రాసి పంపిస్తే, స్కానింగమ్మ చెయ్యాల్సిందల్లా ఆ వాపు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి అంకె వెయ్యడమే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనే సామెత పుట్టించినవాళ్ళెవరో గానీ, వాళ్ళు తప్పకుండా ఏదో ఆసుపత్రిలో ఉద్యోగం వెలగబెట్టి ఉంటారని ఆమె అనుమానం.

మంగళవారం పొద్దున సరిగ్గా అలాంటి చీటీతోనే ఇస్త్రీ ఆవిడ వచ్చింది. పెద్ద లాండ్రీలో పదకొండేళ్ళుగా ఇస్త్రీ పని. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చలు, వరసగా మెట్లలాగా. చక్రాల కుర్చీలో ముందుకు వంగి, కుడి పక్కటెముకల కింద రెండు చేతులూ అదిమిపెట్టుకుని కూర్చుంది. కుర్చీ తోసుకొచ్చింది ఆమె ఆడబిడ్డ.

“ఐదు రోజుల్నించీ జ్వరమండీ. మాత్ర వేస్తే దిగేది, మళ్ళీ ఎక్కేది. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ నొప్పీ, వాంతులూ. మా వదిన ఊరికే మంచమెక్కే మనిషి కాదు. ఎక్కిందంటే ఇంక ఆలోచించుకోవాల్సిందే,” అంది ఆడబిడ్డ.

“నువ్వు కాసేపు ఊరుకో తల్లీ,” అంది ఇస్త్రీ ఆవిడ కళ్ళు మూసుకునే. “రోజంతా ఇస్త్రీ పెట్టె ముందు నుంచునేదాన్ని, నాకు వేడి కొత్తా?”

ఆయమ్మ ఆమెని మంచం మీదకి చేర్చి, చీర కుచ్చెళ్ళలో తువ్వాలు దోపింది. స్కానింగమ్మ, ఒంటి మీద ఆనించి చూసే ప్రోబ్ వైరుని మెడ చుట్టూ వేసుకుంది. అలా వేసుకుంటే భుజం మీద బరువు కొంచెం తగ్గుతుంది. ఆ గదికి కిటికీ లేదు. తెర బాగా కనపడాలంటే చీకటి కావాలి గనక ఉన్న ఒక్క వెంటిలేటరుకీ నల్లకాగితం అంటించారు. అందులోకి పొద్దున ఎనిమిదికి దూరితే మధ్యాహ్నం రెండింటిదాకా బయట ఎండో వానో తెలియదు.

“జెల్లు చల్లగా ఉంటుందమ్మా. ఊపిరి లోపలికి పీల్చండి. బిగపట్టండి. వదిలెయ్యండి.”

తెర మీద కాలేయం, దాని కింద చీటీలో రాసిన గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం సంచి కనిపించాయి. మామూలుగా ఆ సంచి గోడ పెన్సిలు గీతంత ఉంటుంది. మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. ఈమెకి ఎనిమిది వచ్చింది. చీటీ అడిగిన అంకె దొరికింది, ఇక తుడిచి పంపించెయ్యొచ్చు. బయట బెంచీల మీద ఇంకా పంతొమ్మిదిమంది ఉన్నారు.

కానీ ఆ గోడ చూస్తుంటే ఆమెకి తృప్తిగా లేదు. చీము పట్టి వాచిన గోడ మొరటుగా, ఒకే ముద్దలా ఉంటుంది. ఇది పొరలు పొరలుగా విడిపోయి ఉంది, నీళ్ళలో నానిన అట్టముక్కలాగా. లోపల రాయి లేదు, మడ్డి లేదు. సంచి ఉబ్బలేదు సరికదా ముడుచుకుపోయి ఉంది. ఆమె ప్రోబ్‌తో సంచి మీద నొక్కింది. ఇస్త్రీ ఆవిడ మూలిగింది. రెండంగుళాలు పక్కకి జరిపి నొక్కితే అక్కడా అంతే మూలిగింది.

చీటీలో రాసిన చోటు దాటి ప్రోబ్ జరపకూడదని ఏ పుస్తకంలోనూ లేదు. బయట ఉన్న బెంచీలే ఆ చట్టం. అయినా ఆమె చెయ్యి పైకి జరిగింది. పక్కటెముకల సందులోంచి ఛాతీలోకి చూసింది. ఊపిరితిత్తి కింద నల్లటి పట్టీ కనిపించింది. నీరు. పొత్తికడుపులోకి దిగి చూస్తే అక్కడా కొంచెం నీరే.

సంచి ఒక్కటే చెడితే ఛాతీలో నీళ్ళెందుకు చేరతాయి?

“మీ లాండ్రీలో దోమలున్నాయా అమ్మా?” అని అడిగింది.

“దోమలు లేని చోటెక్కడుంది మేడం,” అంది ఇస్త్రీ ఆవిడ. “ఉంటే చెప్పండి, మేమే వచ్చేస్తాం.”

స్కానింగమ్మ ఫైలు తిరగేసింది. రక్తం పరీక్ష ఒకటే ఉంది, అదీ మూడు రోజుల కిందట బయట చేయించింది. ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు అప్పటికి ఫరవాలేదు. ఈ మూడు రోజుల్లో ఏమయ్యాయో ఎవరూ చూడలేదు. ఇది డెంగ్యూ అయితే నాళాల్లోంచి నీరు ఊరి ఎక్కడపడితే అక్కడ చేరుతుంది. పిత్తాశయం గోడ గుడ్డలా నానుతుంది. అది జ్వరంతో పాటే వచ్చి జ్వరంతో పాటే పోయే వాపు. దాన్ని చీము పట్టిన వాపనుకుని కోస్తే, ఆపడానికి కణాలు లేని రక్తం ఆగదు.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ‘గాల్‌బ్లాడర్ గోడ మందం ఎనిమిది మి.మీ. చుట్టూ నీరు ఉంది.’ అక్కడికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. రాసిన ప్రతి మాటా నిజమే. ఆ నిజాలే రెండింటికల్లా ఇస్త్రీ ఆవిడని బల్ల ఎక్కిస్తాయి. పోనీ అబద్ధం రాద్దామా అంటే ఆ చెయ్యి అంత పని ఎప్పుడూ చెయ్యలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రిపోర్టుల మీద సంతకం పెట్టే రేడియాలజీ డాక్టరు, అందరూ పెద్దాయన అనే మనిషి, సాయంత్రం ఐదుకి వస్తాడు. పొద్దుటి కట్టంతా పావుగంటలో సంతకాలు పెట్టి వెళ్ళిపోతాడు. ఆమె ఆయనకి ఫోన్ చేసింది.

“చూసింది రాశావుగా? కింద ‘వైద్యుని పరీక్షతో సరిచూసుకోవాలి’ అని పెట్టు. అయిపోయింది,” అన్నాడు పెద్దాయన.

“అలా రాస్తే కోసేస్తారు సార్.”

“కోసేది మనం కాదుగా అమ్మా. మనం ఫోటోలు తీసేవాళ్ళం.”

ఆ వాక్యం ప్రతి రిపోర్టు కిందా ఉంటుంది. అది గొడుగులాంటిది. రాసినవాళ్ళు తడవరు, తడిస్తే రోగే తడుస్తుంది. స్కానింగమ్మ ఫోన్ పెట్టేసి, ప్రింటు తీసిన బొమ్మలు చేత్తో పట్టుకుని లేచింది.

“ఎక్కడికమ్మా? బయట జనం అరుస్తారు,” అంది ఆయమ్మ.

“కరెంటు పోయిందని చెప్పు.”

“లైట్లు వెలుగుతున్నాయిగా.”

“అయితే నీకు తోచింది చెప్పు,” అని ఆమె మెట్లెక్కింది.

ఆపరేషన్ థియేటర్ ముందు పలక మీద ఆ రోజు లిస్టు రాసి ఉంది. రెండు గంటల దగ్గర ఇస్త్రీ ఆవిడ పడక నంబరుంది. సర్జన్ గారు మాస్కు గడ్డం కిందకి లాక్కుని, గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు. చెడ్డవాడు కాదు. పొద్దున ఆరుకి వచ్చిన మనిషి అప్పటికి నాలుగు పొట్టలు కోసి కుట్టాడు. స్కానింగమ్మని అంత పైన చూడడం ఆయనకి అదే మొదలు.

ఆమె బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. ఛాతీలో నీటిని కూడా చూపించి, డెంగ్యూ ఏమోనన్న అనుమానం చెప్పింది.

“నేను పై పొట్ట రాశాను. ఛాతీ ఎవరు చూడమన్నారు?” అన్నాడాయన.

“ఎవరూ అనలేదు సార్. చెయ్యి అటు జరిగింది.”

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. “చూడమ్మా. సంచి కుళ్ళి రక్తంలో విషం చేరినా ఇలాగే నీరు పడుతుంది. పోయినేడాది ఒకాయన్ని వైరల్ జ్వరమేలే అని మూడు రోజులు పడుకోబెట్టాను. నాలుగోరోజు సంచి పగిలింది. ఆయన భార్యకి నేనేం చెప్పాలి? మీ ఫోటోలో ‘ఆగండి’ అని ఉందా?”

“లేదు సార్. ‘కొయ్యండి’ అని కూడా లేదు. రక్తం ఇంకొక్కసారి చూడండి. గంట పని.”

సర్జన్ గారు కాసేపు పలక వంక చూశాడు. తర్వాత నర్సుని పిలిచి రక్తం తియ్యమన్నాడు.

గంటంబావుకి కాగితం వచ్చింది. ప్లేట్‌లెట్లు నలభైరెండు వేలు. దాని వెనకే ఇంకో కాగితం, డెంగ్యూ పరీక్షది. ‘లేదు’ అని ఉంది. సర్జన్ గారు ఆ రెండూ పట్టుకుని తనే కిందికి దిగివచ్చాడు.

“నీ డెంగ్యూ లేదంట.”

“ఐదో రోజు దాటితే ఆ పరీక్షకి ఒక్కోసారి దొరకదు సార్.”

“ఒక్కోసారి,” అన్నాడాయన. ఆ మాటని నోట్లోనే కాసేపు తిప్పాడు. “కణాలు ఎక్కించి కోసెయ్యొచ్చు. లేదా ఆగొచ్చు. సరే, రేపటిదాకా ఆగుతాను. ఎందుకాగానో ఫైల్లో రాయాలి. నువ్వు చెప్పావని రాస్తాను. కింద సంతకం పెట్టు.”

“మేము పెట్టకూడదు సార్. పెద్దాయన...”

“పెద్దాయన చూశాడా ఆవిణ్ణి? చూసినవాళ్ళే పెట్టాలి.”

మాట వింటారా లేదా అని మెట్లెక్కుతున్నంతసేపూ భయపడింది గానీ, వింటే ఏమవుతుందో ఆమె ఆలోచించుకోలేదు. సెలవు చీటీ మీద తప్ప ఆ ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడా ఆమె సంతకం లేదు. పెన్ను తీసుకుంది. పెట్టింది. అక్షరాలు బడిలో రాసినట్టు గుండ్రంగా వచ్చాయి.

“ఎందుకు పెట్టారమ్మా?” అంది ఆయమ్మ ఆయన వెళ్ళిపోయాక, తువ్వాళ్ళు మడతపెడుతూ. “నా సర్వీసులో చూశాను. తప్పు చేసినవాళ్ళు దొరకరు, సంతకం పెట్టినవాళ్ళు దొరుకుతారు.”

బుధవారం పొద్దున ఎనిమిదికి ముందే స్కానింగమ్మ వార్డుకి వెళ్ళి, ఇస్త్రీ ఆవిణ్ణి మొదటి కేసుగా తెప్పించుకుంది. జ్వరం దిగింది. మనిషి మాత్రం నిన్నటికంటే అధ్వాన్నంగా ఉంది. చేతులు చల్లగా, జిగటగా ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి. రెండో చేతికి కూడా సెలైన్ పెట్టారు. ప్రోబ్ ఆనించగానే తెర మీద గోడ కనిపించింది. కొలత తియ్యడానికి పెట్టే రెండు ప్లస్ గుర్తులూ ఒకదానికొకటి దూరం జరుగుతూనే పోయాయి. తొమ్మిదిన్నర.

ఆమె ఇంకోసారి కొలిచింది. ఇంకోవైపు తిప్పి పడుకోబెట్టి కొలిచింది. తొమ్మిదిన్నర అలాగే ఉంది.

“ఎలా ఉంది మేడం?” అని అడిగింది ఇస్త్రీ ఆవిడ.

“డాక్టరు గారు చెప్తారమ్మా.” రోగులకి ఏమీ చెప్పకూడదని స్కానింగ్ వాళ్ళకి నియమం. ఆ రోజు ఆ నియమం చాటున దాక్కోగలిగినందుకు ఆమెకి సిగ్గేసింది.

గుమ్మం బయట ఆడబిడ్డ దారికి అడ్డంగా నుంచుంది. “నిన్న ఆపరేషనన్నారు. ఆపేశారు. మీరే ఆపించారంటగా?”

“నేను చూసింది చెప్పానమ్మా. ఆగింది డాక్టరు గారు.”

“ఆ మాటలు నాకు తెలీవు. మా అన్నయ్య డ్యూటీ మీద బయటి ఊళ్ళో ఉన్నాడు. నేనే తీసుకొచ్చాను మా వదిన్ని. ఆవిడకేమైనా అయితే నేను మిమ్మల్నే అడుగుతాను. ఇంకెవర్నీ అడగను.” ఆమె అరవలేదు. మెల్లగానే అంది. స్కానింగమ్మకి అరిచినా బాగుండేదనిపించింది.

వార్డులో సర్జన్ గారు అంకె చూసి, “తగ్గుతుందన్నావు,” అన్నాడు.

“జ్వరం దిగే రోజే కష్టం సార్. కడుపు బిగుసుకోలేదు, చూడండి. మెత్తగానే ఉంది. ఇంకొక్క రోజు.”

“కణాలు ఇరవై ఎనిమిది వేలకి దిగాయి. ఇప్పుడు కొయ్యాలన్నా కొయ్యలేను. నువ్వు చెప్పింది తప్పయితే ఇద్దరం కలిసే మునిగినట్టు.” ఆయన చెయ్యి ఇస్త్రీ ఆవిడ పొట్ట మీదే ఉంది. కళ్ళు మూసుకుని, నాలుగు వైపులా మెల్లగా నొక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. “ఆగుదాం,” అన్నాడు.

ఆ రోజు ఆమె ఇరవైరెండు కేసులు చూసింది. ఎవరి కాలేయం చూసినా, ఎవరి కిడ్నీ చూసినా, కళ్ళ ముందు ఆ తొమ్మిదిన్నరే కదిలింది. ఇంటికెళ్ళి కూరగాయలు తరుగుతూ, తరిగిన ముక్క మందం ఎంతుందో చూసుకుంటోందని గ్రహించి కత్తి పక్కన పెట్టేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. ఆ సంచి నిజంగానే కుళ్ళుతుంటే, తను ఆ మనిషిని చేతులారా మంచానికి కట్టేసి ఉంచినట్టే. ఈపాటికి అయిపోవాల్సిన ఆపరేషన్ తన మాట వల్ల ఆగింది. ఇప్పుడు వద్దన్నా కుదరదు, కావాలన్నా కుదరదు. అడకత్తెరలో పోకచెక్క తనా, ఆవిడా, ఇద్దరూనా అన్నది ఆమెకి తేలలేదు.

గురువారం కూడా పెద్దగా తగ్గలేదు, తొమ్మిది. సర్జన్ గారు ఆమె కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున చక్రాల కుర్చీ రాలేదు. ఇస్త్రీ ఆవిడ నడిచే వచ్చింది, సెలైన్ స్టాండు తోసుకుంటూ. కాళ్ళ నిండా ఎర్రగా దద్దురు, ఆ ఎరుపు మధ్యమధ్యలో తెల్లటి చుక్కలు. డెంగ్యూ వెళ్ళిపోతూ వేసే ముద్ర అది. స్కానింగమ్మ వైరు మెడలో వేసుకోవడం కూడా మర్చిపోయి ప్రోబ్ ఆనించింది. గోడ నాలుగు. ఛాతీలో నల్లపట్టీ దారమంత అయింది.

“మేడం, ఆకలేస్తోంది. తినొచ్చో లేదో ఎవరూ చెప్పరే,” అంది ఇస్త్రీ ఆవిడ.

“తినండి,” అంది స్కానింగమ్మ. చెప్పకూడదన్న నియమం ఆ పూట గాల్లో కలిసిపోయింది. “ఏం కావాలంటే అది తినండి.”

మధ్యాహ్నానికల్లా ఆసుపత్రంతా పాకింది. కణాలు డెబ్భైవేలకి పెరిగాయి. లిఫ్టు దగ్గర నర్సులు ఆమెని చూసి దారిచ్చారు. ప్రసూతి డాక్టరమ్మ పలకరించి మరీ అభినందించింది. జ్వరంతో కడుపునొప్పి ఎవరికి వచ్చినా ‘స్కానింగమ్మ వైరస్’ అని వార్డులో కొత్త జబ్బు పేరొకటి పుట్టింది. పద్నాలుగేళ్ళుగా ఆ కిటికీ లేని గదిలో కూర్చున్న మనిషికి, ఒక్కపూట నాలుగు గోడలూ కాస్త వెనక్కి జరిగినట్టనిపించింది. సంతోషంగా ఉంది, ఎందుకు దాచడం. చాలా సంతోషంగా ఉంది.

అప్పుడే వరండాలో సర్జన్ గారు ఎదురయ్యాడు. పక్కన నడుస్తూ అన్నాడు.

“పొద్దున ఇంకొకాయన చేరాడమ్మా. లెక్కల మాస్టారు. రెండు రోజుల జ్వరం, వాంతులు, కడుపులో నొప్పి. కణాలు కూడా కొంచెం తక్కువే. మన ఇస్త్రీ ఆవిడ కేసులాగే ఉంది కదూ?”

స్కానింగమ్మ చేతిలో ఉతికొచ్చిన తువ్వాళ్ళ దొంతర ఉంది. ఆమె ఆగలేదు. నడుస్తూనే అంది.

“అలాంటిదే అయ్యుంటుంది సార్. ఆగి చూడొచ్చు.”

శనివారం పొద్దున ఇస్త్రీ ఆవిడని ఇంటికి పంపించారు. వెళ్తూ వెళ్తూ స్కానింగ్ గదిలోకి తొంగి చూసింది. కృతజ్ఞత చెప్పడానికేమో అనుకుని స్కానింగమ్మ లేచి నుంచుంది.

“ఐదు రోజులు పడుకోబెట్టి, చివరికి ఆపరేషనే అక్కర్లేదన్నారు. ఆ మాటేదో మొదటే చెప్తే నా పని నేను చూసుకునేదాన్ని కదా. ఇప్పటికి నా బల్ల దగ్గర ఇంకొకత్తిని పెట్టేసుంటారు.”

“పద వదినా, మళ్ళీ ఏదో ఒకటి పట్టుకుంటారు,” అని ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

ఆయమ్మ పకపకా నవ్వింది. స్కానింగమ్మకి కూడా నవ్వొచ్చింది. తిట్టే ఓపికొచ్చిందంటే బాగుపడినట్టేగా అనుకుంది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే తర్వాతి మంచం గదిలోకి వచ్చింది.

మంచం మీద ఉన్నాయనకి యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుడికాలు మడిచి పొట్టకి ఆనించుకున్నాడు. చాపమంటే చాపలేదు. ఆమె చీటీ చూసింది. ‘వైరల్ జ్వరం. గాల్‌బ్లాడర్ గోడ కొలత చాలును. స్కానింగ్ వారి అభిప్రాయం మేరకు ఆపరేషన్ ఆపి గమనించడమైనది.’

స్కానింగ్ వారంటే తనే. అభిప్రాయమంటే తువ్వాళ్ళు మోసుకెళ్తూ అన్న మాట. ఆమె నవ్వు అక్కడే ఆరిపోయింది.

“మీరేనా మాస్టారు?”

“నేనేనమ్మా. నిన్నంతా ఇక్కడ నొప్పి,” అని కుడివైపు పొత్తికడుపు చూపించాడు. “తెల్లారగట్ల ఒక్కసారిగా తగ్గింది. అమ్మయ్య అనుకున్నాను. ఓ గంటాగి కడుపంతా మొదలైంది. కదిల్తే ప్రాణం పోతోంది.”

ఆమె గోడ కొలిచింది. రెండున్నర. పెన్సిలు గీత. ఛాతీలో నీరు లేదు. చీటీ అడిగింది అయిపోయింది. ఆమె ప్రోబ్‌ని కిందికి దించి, ఆయన వేలు పెట్టి చూపించిన చోట మెల్లగా ఆనించింది. పెద్దపేగు మొదట్లో తోకలా వేలాడే అపెండిక్స్, మామూలుగా అయితే వెతికినా దొరకదు, నొక్కితే అణిగిపోతుంది. ఇది వెతక్కుండానే దొరికింది. అణగలేదు. లోపల గట్టి ఉండ ఒకటి తెల్లగా మెరుస్తోంది. కొసన గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. చుట్టూ మడ్డి నీరు.

ఆమె ప్లస్ గుర్తులు పెట్టింది.

“ఎంతొచ్చిందమ్మా?” అన్నాడు మాస్టారు.

“పదమూడు.”

“ఎంతుండాలి?”

“ఆరు లోపు.”

“రెట్టింపు దాటింది,” అన్నాడాయన నీరసంగా.

ఆమె ప్రోబ్ పక్కన పెట్టకుండానే ఎడమచేత్తో ఫోన్ అందుకుంది. “సార్, మాస్టారిది వైరల్ కాదు. అపెండిక్స్. పగిలింది.”

అవతల్నుంచి సర్జన్ గారి గొంతు. “నిన్న నువ్వేగా...”

“నేనే సార్. చూడకుండా చెప్పాను.”

రెండు నిమిషాల్లో ఆయన గదిలో ఉన్నాడు. ఆమె వెనక నిలబడి తెర చూశాడు. ఆమె ప్రోబ్‌ని అటూ ఇటూ తిప్పి చూపించింది. నిన్న తను ఆగి ఈ చెయ్యి ఐదు నిమిషాలు ఇక్కడ పెట్టి ఉంటే, ఇది వాచిన తోకే, పగిలిన తోక కాదు. అది ఆయనకీ తెలుసు. ఆయన చీటీ తీసుకుని, తను రాసిన మాటల్నే మరోసారి చదువుకున్నాడు.

“నువ్వు చూడలేదు. నేను చూపించలేదు,” అని ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, మంచం తనే ఒక చేత్తో పట్టుకుని తోశాడు. ఆయమ్మ పరుగెత్తి రెండో వైపు పట్టుకుంది.

ఆపరేషన్‌కి రెండున్నర గంటలు పట్టింది. శుక్రవారమే చేసుంటే ముప్పావుగంటలో అయ్యేది. చీము కడిగి, పొట్టలోంచి రబ్బరు గొట్టం ఒకటి బయటికి పెట్టారు. ఇంకో పన్నెండు రోజులు ఉండాలన్నారు. ప్రాణానికి భయం లేదని సర్జన్ గారు ఆయమ్మ చేత కబురు పంపించాడు. ఆ కబురు విన్నాక స్కానింగమ్మ గది తలుపు మూసుకుని ఏడ్చింది. తుడుచుకోవడానికి జెల్లు తుడిచే కాగితాలే దొరికాయి.

సోమవారం మధ్యాహ్నం పని అయ్యాక వార్డుకి వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేక వెళ్ళింది. మాస్టారు దిండుకి ఆనుకుని ఉన్నాడు. మంచం పక్కన సీసాలోకి గొట్టంలోంచి పసుపుపచ్చగా బొట్లు దిగుతున్నాయి. ఆమెని చూడగానే చెయ్యి చాపాడు. చాపిన చెయ్యిని పట్టుకోక తప్పలేదు.

“మీరు పట్టుకోబట్టి బతికానటమ్మా. చీటీలో లేని చోట కూడా చూశారట. నర్సమ్మ చెప్పింది. మా ఆవిడ మీకు దణ్ణం పెట్టాలని రెండు రోజుల్నుంచి ఎదురుచూస్తోంది. టీకి కిందకెళ్ళింది, వచ్చేస్తుంది, ఉండండి.”

ఆ దణ్ణం రాకముందే వెళ్ళిపోవాలనుకుంది. ఆయన చెయ్యి వదల్లేదు. ఆమె మంచం అంచు మీద కూర్చుంది.

“నాకు దణ్ణం వద్దండి మాస్టారూ. శుక్రవారమే డాక్టరు గారు మీ గురించి నన్నడిగారు. అంతకుముందు ఒకావిడకి ఇలాగే జ్వరం, నొప్పి. ఆపరేషన్ వద్దన్నాను, ఆవిడ బాగుపడింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఊపులో మీదీ అదే అనేశాను. మిమ్మల్ని చూడను కూడా లేదు. చూసుంటే మీకీ గొట్టం ఉండేది కాదు. మీరు శుక్రవారం నుంచీ పడ్డ బాధ నా వల్లే.”

సీసాలోకి రెండు మూడు బొట్లు పడ్డాయి. ఆయన చూపు ఆమె మొహం మీంచి గొట్టం మీదకి, మళ్ళీ మొహం మీదకి వచ్చింది. వార్డు అవతల ఎవరో దగ్గుతున్నారు.

“మొదటావిడ ఇంటికెళ్ళిందా?” అని అడిగాడు.

“వెళ్ళిందండి.”

“అంటే ఆ లెక్క కరెక్టే చేశారు. దాని జవాబు తెచ్చి పక్క లెక్క కింద రాసేశారు.” ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. నవ్వితే కుట్లు లాగుతాయని పెదాలు బిగించాడు, లేదా అది నవ్వు కాదేమో, ఆమెకి తెలియలేదు. “ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. తెలివైన పిల్లలే చేస్తారా తప్పు. నేను సున్నా వేస్తాను. సగం మార్కులు కూడా వెయ్యను.”

“వెయ్యండి,” అంది ఆమె.

“వేశాను,” అన్నాడు మాస్టారు. చెయ్యి మాత్రం వదల్లేదు. వరండాలోంచి ఆయన భార్య టీ గ్లాసు పట్టుకుని, కొంగు సర్దుకుంటూ, వీళ్ళ మంచం వైపే గబగబా వస్తోంది.